బడి బీరువాకూ, ఊరి రచయితకూ మధ్య దారి వేద్దాం

మన ఊళ్లలో పిల్లల కోసం తెలుగులో రాసేవాళ్లు లేరా అంటే, వెదికితే దొరుకుతారు. రిటైరైన పంతులుగారు ఒకరు, బ్యాంకులో పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకునేవారు ఒకరు, మనవళ్లకు చెప్పిన కథల్నే కాగితం మీద పెట్టిన అమ్మ ఒకరు. సొంత డబ్బుతో మూడు వందలో ఐదు వందలో ప్రతులు అచ్చు వేయించుకుని ఉంటారు. ఆవిష్కరణ సభ పెట్టి మనమే శాలువా కప్పి ఉంటాం. మిగిలిన ప్రతులు అట్టపెట్టెల్లో మంచం కిందికి చేరి ఉంటాయి.

అదే ఊళ్లో ఒక బడి ఉంటుంది. తెలుగు మీడియం బడి కావచ్చు, తెలుగును ఒక భాషగా చెప్పే బడి కావచ్చు. అందులో ఒక బీరువా ఉంటుంది. తెరిచి చూస్తే తెలుగు పుస్తకాలు కొన్ని కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఇల్లు సర్దుకుంటూ ఇచ్చిన పాత నవలలు, వ్రతకథలు, పోటీ పరీక్షల గైడ్లు. మూడో తరగతి పిల్ల చేతికి ఇవ్వదగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బీరువాకూ ఆ అట్టపెట్టెలకూ మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లు మించదు. రచయితకు బడి లైబ్రేరియన్ ఎవరో తెలియదు. లైబ్రేరియన్‌కు ఆ వీధిలో రచయిత ఉన్నట్టే తెలియదు. ఇద్దరినీ ఎరిగినవాళ్లం మనం, అంటే తెలుగు సంఘాలవాళ్లం. ఈ పని ఎందుకు చేయాలో, ఏ వరుసలో చేస్తే కుదురుతుందో ఈ వ్యాసంలో వివరంగా చెప్పుకుందాం.

ఇది ఎందుకు అవసరం

మన పిల్లలు ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడతారు. చదవమంటే తడబడతారు, రాయమంటే తల దించుకుంటారు. ఇది వాళ్ల తప్పు కాదు. తెలుగు అక్షరం వాళ్లకు పాఠ్యపుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. బస్సు బోర్డు మీద ఉండదు, దుకాణం పేరులో ఉండదు. మార్కుల కోసం చదివే పుస్తకం ఒక్కటే ఆ భాషలో ఉంటే, పరీక్ష అయిన రోజే ఆ భాషతో చదువు సంబంధం తీరిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. బడిలో తెలుగు తీసుకునే పిల్లలు తగ్గితే సెక్షను తీసేస్తారు. సెక్షను పోతే టీచరు పోస్టు పోతుంది. ఒకసారి రద్దయిన పోస్టు మళ్లీ మంజూరు కావడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతుంది. 1956లో ఏడో సవరణతో వచ్చిన హక్కు అది. హక్కు కాగితం మీద ఉన్నా, తెలుగు కావాలని అడిగే పిల్లలు ఉంటేనే అది బడిలో నిలుస్తుంది. ఇష్టంగా చదివిన పిల్లలే ఆ భాష కావాలని అడుగుతారు. ఆ ఇష్టం పుట్టేది కథల పుస్తకంతోనే.

ఊరి రచయితే ఎందుకు

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మంచి పుస్తకాలు తెప్పించుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. తెప్పించుకోవాలి, సందేహం లేదు. అయితే వాటితో తీరని కొరత ఒకటి ఉంది.

మా హోసూరు వైపు పిల్లలకు అనపకాయల కాలం తెలుసు, పితికిపప్పు కూర తెలుసు, సంగటి తెలుసు. కథలో అవి వచ్చినప్పుడు పిల్ల తల ఎత్తి చూస్తుంది. ‘ఇది మా ఇంట్లో మాటే కదా, పుస్తకంలో ఉందే’ అన్న ఆశ్చర్యం అది. మన మాట తప్పు మాట అనీ, అసలు తెలుగు ఎక్కడో దూరాన ఉంటుందనీ మన పిల్లల్లో ఒక చిన్నతనం నాటుకుపోయి ఉంది. ఊరి రచయిత పుస్తకం దాన్ని పోగొట్టినట్టు ఏ ఉపన్యాసమూ పోగొట్టలేదు. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగులోనే నడుస్తాయి. అంచుల్లో ఉన్న తెలుగు కూడా అచ్చుకు తగినదేనని చూపించిన పుస్తకం అది.

పిల్లలు మాట్లాడే మాటలోనే పుస్తకం ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా ఉన్న పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆ కొండల్లోని సవర పిల్లల కోసం ఆయన సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. పిల్లల నోట్లోని మాట విన్న మనిషే వాళ్లకు పుస్తకం రాశాడు. ఆ పుస్తకం వాళ్ల బడికే చేరింది. మనం చేయాలనుకుంటున్నదీ అదే.

ఇంకో మాట కూడా గుర్తు చేసుకోవాలి. తెలుగు పిల్లల పత్రికల చరిత్రలో పెద్ద భాగం మద్రాసులో జరిగింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు ‘బాల’ పత్రికను 1945లో అక్కడే మొదలుపెట్టారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల ‘చందమామ’ 1947 జూలైలో అక్కడి నుంచే వచ్చింది, తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి. అంటే తెలుగునాట పెరిగిన పిల్లలు కూడా ఒకప్పుడు మన వైపు నుంచి వెళ్లిన పుస్తకాలే చదివారు. మన ఊళ్లలో పిల్లల సాహిత్యం పుట్టదనుకోవడానికి కారణం లేదు.

లైబ్రేరియన్ వైపు నుంచి చూస్తే

సంఘాలవాళ్లం తరచుగా పుస్తకాల కట్ట పట్టుకుని బడికి వెళ్లి, ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ఆరు నెలల తర్వాత చూస్తే కట్ట విప్పి ఉండదు. దానికి లైబ్రేరియన్‌ను తప్పు పట్టే ముందు ఆ కుర్చీలో ఉన్న మనిషి ఇబ్బంది ఏమిటో తెలుసుకోవాలి.

చాలా ప్రభుత్వ బడుల్లో లైబ్రేరియన్ పోస్టే ఉండదు. ఒక టీచరుకు అదనంగా బాధ్యత అప్పగిస్తారు. ఆ టీచరుకు తెలుగు రాకపోవచ్చు కూడా. తెలియని లిపిలో ఉన్న పుస్తకం మూడో తరగతికి పనికొస్తుందో పదో తరగతికి పనికొస్తుందో ఆమె ఎలా చెప్పగలదు? తెలియని పుస్తకాన్ని పిల్లల చేతికి ఇచ్చి మాట పడటం కన్నా బీరువాలో ఉంచడమే మేలని అనుకుంటుంది. అది సహజం.

రెండోది రిజిస్టరు. బడికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించాలి. వరుస నంబరు, తేదీ, పేరు, రచయిత, ప్రచురణ, పేజీలు, వెల, కొన్నదా కానుకా అన్నవి రాయాలి. జాబితా లేకుండా నూరు పుస్తకాలు ఇస్తే ఆ నూరింటినీ ఆమె కూర్చుని రాయాలి. అదీ తెలుగు పేర్లను తమిళంలోనో కన్నడంలోనో. ఆ పని వాయిదా పడిందంటే పుస్తకం పిల్లలకు చేరదు. ఎందుకంటే నంబరు పడని పుస్తకాన్ని ఇష్యూ చేయకూడదు.

మూడోది భయం. పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందన్న భయం. ఈ భయానికి తాళం చెవి మించిన మందు లేదని చాలామంది నమ్మకం. ఇక్కడ ఒక నియమం చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం ప్రకారం, ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వాళ్లు చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమైన నష్టంగా తీసుకోవచ్చు. మోసమో అజాగ్రత్తో కారణం కాకూడదు, అంతే. వెయ్యి రూపాయలు మించిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారించాలి. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వర్తించే నియమం. రాష్ట్రాల బడులకు వాటి సొంత నియమాలు ఉంటాయి. అయినా చదివే చోట కొన్ని పుస్తకాలు పోతాయని ప్రభుత్వమే ఒప్పుకున్నదని హెడ్మాస్టరుగారికి చూపించడానికి ఇది పనికొస్తుంది. సంఘం తరఫున ‘పోయినవాటికి బదులు ప్రతులు మేము ఇస్తాం’ అని ఒక వాక్యం రాసిస్తే భయం ఇంకా తగ్గుతుంది. యాభై అరవై రూపాయల పుస్తకం అది. మనకు భారం కాదు.

నాలుగోది డబ్బు. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడులకు ఏటా లైబ్రరీ గ్రాంటు ఉంది. ప్రాథమిక బడికి 5 వేల రూపాయల దాకా, ఒకటి నుంచి పన్నెండు తరగతులున్న పెద్ద బడికి 20 వేల దాకా ఇవ్వవచ్చని పథకం చెబుతుంది. కొన్నిచోట్ల ఏ పుస్తకాలు కొనాలో పైనుంచే నిర్ణయమవుతుంది, బడికి ఎంపిక ఉండదు. కాబట్టి ‘మీ గ్రాంటులో తెలుగు పుస్తకాలకు చోటు ఉందా, ఇండెంటు ఎప్పుడు వెళుతుంది’ అని ముందే అడగాలి. ఇండెంటు వెళ్లాక అడిగితే లాభం లేదు.

రచయిత వైపు నుంచి చూస్తే

రచయితకూ కొన్ని విషయాలు చెప్పాలి. బడి అంటే సాహిత్య సభ కాదు. ‘నా పుస్తకాలు కొనండి’ అని నేరుగా పిల్లల దగ్గర అమ్మకూడదు. కొనలేని పిల్లవాడి ముఖం చూడవలసి వస్తుంది. అమ్మకం ఏదైనా బడితోనో, సంఘంతోనో జరగాలి. బిల్లు ఇవ్వాలి. బిల్లు లేని పుస్తకాన్ని బడి కొనలేదు.

పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబరు ఉంటే కొనుగోలు జాబితాల్లో చేరడం సులువు. మన దేశంలో ఈ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా అచ్చు వేసుకునే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తులుంటే నమ్మవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, పుస్తకం పిల్లలదై ఉండాలి. అక్షరం చిన్నగా ఉండి, పేజీ నిండా కిక్కిరిసి, ప్రతి కథ చివరా నీతిబోధ ఉంటే అది పిల్లల కోసం పెద్దవాళ్లు రాసుకున్న పుస్తకం అవుతుంది. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు ఎక్కువ. కూడబలుక్కుని చదివే పిల్లలకు పెద్ద అక్షరం, వరుసల మధ్య ఎడం, చిన్న వాక్యం, ప్రతి పేజీలో బొమ్మ కావాలి. సంఘం సభ్యుడి పుస్తకం కదా అని బడి మీద రుద్దకూడదు. వద్దనే హక్కు లైబ్రేరియన్‌కు ఉండాలి. పరీక్ష చాలా సులువు. నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు ముగ్గురికి పుస్తకం ఇచ్చి వారం ఆగండి. రెండో కథ దాకా వెళ్లారా, అక్కడే ఆపారా? వాళ్లు చెప్పిన మాటే ఆఖరి మాట.

ఒక్కొక్క మెట్టూ ఇలా

మొదటి మెట్టు, జాబితా. ఒక నోటుపుస్తకంలో రెండు పట్టీలు గీయండి. ఎడమవైపు మన ఊరిలోనూ చుట్టుపక్కల ముప్పై నలభై కిలోమీటర్ల లోపలా పిల్లల కోసం రాసేవారు, బొమ్మలు వేసేవారు, కథలు బాగా చెప్పేవారు. కుడివైపు తెలుగు చదివే పిల్లలున్న బడులు, అక్కడ లైబ్రరీ చూసేవారు ఎవరు, లైబ్రరీ పీరియడ్ ఏ రోజు, తెలుగు చదివే పిల్లలు ఏ తరగతిలో ఎందరు. రచయితల పట్టీ చిన్నగా ఉన్నా బాధపడవద్దు. ఇద్దరు రచయితలు, నాలుగు బడులు ఉన్నా ఒక ఏడాది పనికి చాలు.

రెండో మెట్టు, ఉత్తరం. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది, అది రేపటికి ఉండదు. ఉత్తరం రెండు భాషల్లో ఉండాలి, ఆ రాష్ట్ర భాషలోనూ, తెలుగులోనూ. ఇలా రాయవచ్చు:

“ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కారాలు. విషయం: పాఠశాల గ్రంథాలయానికి తెలుగు పిల్లల పుస్తకాలు, రచయితతో కథా పఠనం గురించి. మీ పాఠశాలలో తెలుగు చదువుతున్న 3, 4, 5 తరగతుల పిల్లల కోసం ఈ ఉత్తరంతో పాటు జతపరిచిన జాబితాలోని పుస్తకాలను కానుకగా ఇవ్వదలచాము. ప్రతి పుస్తకం గురించి మీ భాషలో మూడు వాక్యాల పరిచయం, తగిన తరగతి జాబితాలో ఉన్నాయి. చదివే క్రమంలో చిరిగినా, పోయినా బదులు ప్రతులు మా సంఘం ఇస్తుంది. మీకు వీలైన లైబ్రరీ పీరియడ్‌లో స్థానిక రచయిత ఒకరు వచ్చి నలభై నిమిషాలు పిల్లలతో కథ చదివేందుకు అనుమతి కోరుతున్నాము. ఆ సమయంలో తరగతి ఉపాధ్యాయులు గదిలో ఉండవలసిందిగా మనవి.”

ఈ ఉత్తరంలో ఉన్న ఒక మాట చూడండి: ‘మీ భాషలో మూడు వాక్యాల పరిచయం’. తెలుగు రాని లైబ్రేరియన్‌కు పుస్తకం తెరిచి చూపేది అదే. ఉత్తరం ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

మూడో మెట్టు, పుస్తకాలు ముందు, రచయిత తర్వాత. రచయిత రావడానికి కనీసం రెండు వారాల ముందు పుస్తకాలు బడికి చేరాలి. ఒకే పుస్తకం ఐదారు ప్రతులుంటే మంచిది, ఇద్దరేసి కూర్చుని చదువుకుంటారు. చదవకుండా రచయితను చూసిన పిల్లలకు ఆయన ఇంకో పెద్ద మనిషి మాత్రమే. చదివిన పిల్లలు మాత్రం ‘ఆ మేక చివరికి ఏమైంది, ఎందుకు రాయలేదు’ అని నిలదీస్తారు. ఆ నిలదీత కోసమే ఇదంతా.

నాలుగో మెట్టు, ఆ నలభై నిమిషాలు. వేదిక వద్దు, మైకు వద్దు, శాలువా వద్దు, అధ్యక్షోపన్యాసం అసలే వద్దు. పదిహేను నిమిషాలు రచయిత ఒక కథ చదవాలి. పది నిమిషాలు పిల్లలు ఆ పుస్తకం నుంచే ఒక్కో పేరా చదవాలి. తప్పు చదివినా సరిదిద్దకుండా సాగనివ్వాలి. మిగిలిన సమయం ప్రశ్నలకు. సంఘం తరఫున ఒక్కరు చాలు, వెనక వరుసలో కూర్చుంటే చాలు. టీచరు గదిలోనే ఉండాలి. పిల్లల ఫోటోలు తీసినా, బయట పెట్టినా బడి అనుమతి తప్పనిసరి. రచయితకు దారి ఖర్చు సంఘం ఇవ్వాలి. ఊరివారే కదా అని ఉచితంగా తిప్పించుకోవడం మర్యాద కాదు.

ఐదో మెట్టు, తర్వాతి నెల. చాలా కార్యక్రమాలు ఇక్కడే చచ్చిపోతాయి. నెల తర్వాత లైబ్రేరియన్‌ను కలిసి ఒకే ప్రశ్న అడగండి: ఆ పుస్తకాలు ఎన్నిసార్లు ఇష్యూ అయ్యాయి? ఇష్యూ రిజిస్టరు అబద్ధం చెప్పదు. ఒక పుస్తకం పదిసార్లు వెళ్లి, ఇంకోటి ఒక్కసారీ వెళ్లకపోతే, రెండూ రచయితకు చెప్పండి. తర్వాతి పుస్తకం బాగుపడటానికి అంతకన్నా విలువైన సమీక్ష దొరకదు.

ఏ రాష్ట్రంలో ఏది గమనించాలి

మన ఊళ్ల పరిస్థితులు ఒకటి కావు. అందుకే పద్ధతి ఒకటే అయినా కొద్ది మార్పులు అవసరం.

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి భాష అయింది. దానితో తెలుగుకు దక్కే సమయం తగ్గింది. పరీక్షతో సంబంధం లేని లైబ్రరీ పీరియడ్ ఇప్పుడు మనకు అందుకే విలువైనది. తమిళ పిల్లల కోసం అక్కడి విద్యాశాఖ ‘ఊంజల్’, ‘తేన్‌చిట్టు’ పత్రికలు తెస్తోంది. వాటిని చూసి నేర్చుకోవలసింది ఉంది. మన పిల్లలు తమిళంలోనూ చదవాలి. ఇల్లు తెలుగైనా తమిళంలో రాసి పెద్ద పేరు తెచ్చుకున్న కి. రాజనారాయణన్ గారు ఇడైసెవల్ ఊరివారే కదా. ఆయన జానపద కథలు సేకరించారు. తెలుగు ఇంటి కథ తమిళంలో ఉన్నా, దాన్ని తెలుగులో చెప్పి వినిపించడం కూడా ఈ పనిలో భాగమే.

కర్ణాటకలో బళ్లారి, కోలారు, బెంగళూరు వైపు మన పిల్లలు ఎక్కువమంది కన్నడం చదివేవారే. కన్నడ లిపి చదవగలిగిన పిల్లలకు తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే. తలకట్టు తేడా, కొన్ని అక్షరాల తేడా చెబితే కొద్ది వారాల్లో పట్టుకుంటారు. అక్కడి రచయితలు పుస్తకం మొదటి పేజీలో రెండు లిపుల వరుస వేస్తే ఎంతో మేలు. బడిలో వీలు కాకపోతే, ‘అరివు కేంద్ర’ అని పిలుస్తున్న గ్రామ పంచాయతీ గ్రంథాలయాన్ని అడగండి.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపూ, మహారాష్ట్రలో షోలాపురం, ముంబయి వైపూ లిపి దూరమైనది. ఒడియా, దేవనాగరి చదివే పిల్లలకు తెలుగు అక్షరం పూర్తిగా కొత్త బొమ్మ. అక్కడ రెండు భాషల పుస్తకం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఒడియా లేదా మరాఠీ, బాగా నడుస్తుంది. తెలుగు రాని లైబ్రేరియన్‌కు కూడా అది ధైర్యం ఇస్తుంది. రచయిత తెలుగులో రాస్తే ఊళ్లోని ఒడియా, మరాఠీ టీచరు అనువాదం చేయవచ్చు. ఆ స్నేహం బడిలో మనకు ఎప్పుడూ ఉపయోగమే.

యానాంలో ఈ ఇబ్బందులు తక్కువ. బడుల్లో చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికే నడిచింది, తెలుగు చదివే పిల్లలు ఉన్నారు, కాకినాడ పక్కనే ఉంది. కానీ యానాం గురించి, అక్కడి గోదావరి పాయ గురించి యానాం పిల్లల కోసం రాసిన పుస్తకం బడి బీరువాలో ఉందా? ఆ ప్రశ్న అక్కడివారే వేసుకోవాలి.

ఊళ్లో రచయిత లేకపోతే

లేకపోతే పని ఆగనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. రచయిత పేరు ఉంచి అచ్చు తీసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తాయి, వెలలు అందుబాటులోనే ఉంటాయి. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొదటి పురస్కారం అందుకున్న కలువకొలను సదానంద గారు పాత చిత్తూరు జిల్లా పాకాలవారు, మాకు ఇరుగుపొరుగే. ఆ పురస్కారాల జాబితా లైబ్రేరియన్‌కు ఇస్తే కొనుగోలుకు ఒక ఆధారం దొరుకుతుంది.

వీటితో పాటు ఒక చిన్న ప్రయత్నం చేయండి. మీ వీధిలో కథలు బాగా చెప్పే అవ్వ ఒకరు ఉంటారు. పిల్లలను పంపి ఆమె చెప్పిన కథను వాళ్ల చేతనే రాయించండి. అవ్వ మాట మార్చవద్దు. బొమ్మలు పిల్లలే వేయాలి. పదహారు పేజీలు, జిరాక్సు తీసి మధ్యలో పిన్ను కొడితే పుస్తకం అయిపోయింది. దాన్నీ యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించమని లైబ్రేరియన్‌ను అడగండి. రచయిత పేరు దగ్గర ఆ అవ్వ పేరు రాయాలి. ఊళ్లో లేని రచయిత అలా పుడతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

బడులు తెరిచిన జూన్ నెలలో టీచర్లకు ఊపిరి ఆడదు. జూలైలో జాబితా, ఉత్తరం పని పూర్తి చేయండి. ఆగస్టు 29 గిడుగువారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ వారంలో పుస్తకాలు బడికి చేరేటట్టు చూడండి. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో ఏదైనా చేయాలని బడులకూ ఉంటుంది కాబట్టి రచయిత రాకకు అనుమతి సులువుగా దొరుకుతుంది. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం నాటికి పిల్లలు రాసిన చిన్న పుస్తకం సిద్ధం కావచ్చు. ఏడాది చివర స్టాకు లెక్కింపు రోజుల్లో మాత్రం లైబ్రేరియన్ జోలికి వెళ్లవద్దు.

మన సంఘాలు ఉగాదికి సభలు పెడతాయి, కవి సమ్మేళనాలు పెడతాయి. వాటికి పెద్దవాళ్లే వస్తారు, ఏటేటా కుర్చీలు తగ్గిస్తున్నాం. సభ ఖర్చులో పదో వంతు తీసి పక్కన పెడితే ఒక బడికి ఏడాది పని జరుగుతుంది. సభ ఎంత బాగా జరిగిందో మర్నాటికి మరచిపోతాం. ఇష్యూ రిజిస్టరులో ఒక పిల్ల పేరు ఎదురుగా ఊరి రచయిత పుస్తకం పేరు ఉంటే మాత్రం, ఆ వరుస అక్కడ అలాగే ఉంటుంది. ఈ ఏడాది ప్రతి సంఘమూ ఒక బడినీ, ఒక రచయితనూ ఎంచుకుంటే చాలు. ముందు ఆ నోటుపుస్తకంలో రెండు పట్టీలు గీయండి.